తాకని రోటర్లు: పికప్ ట్రక్కు సూపర్‌చార్జరు, దాని మరమ్మతు చరిత్ర

ఇంజను సిలిండరులో ఎంత ఇంధనం మండగలదన్నది ఆ సిలిండరులోకి ఎంత గాలి చేరిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు ఇంజనులో పిస్టను కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తన సహజ పీడనంతో వచ్చి చేరుతుంది. అంతకు మించిన గాలిని బలవంతంగా లోపలికి తోసేందుకు, క్రాంకుషాఫ్టు నుంచే బెల్టు ద్వారానో గేర్ల ద్వారానో శక్తి తీసుకొని తిరిగే యంత్రాన్ని సూపర్‌చార్జరు అంటారు. ఇంజను వదిలే పొగ ఒత్తిడితో తిరిగే టర్బోచార్జరు నుంచి దీన్ని వేరు చేసేది ఈ నడిపే శక్తి వచ్చే చోటే. వెనుక తెరిచిన తొట్టి ఉండే పికప్ ట్రక్కులు కొన్నింటికి అమెరికాలో 1990ల చివరి నుంచి 2004 వరకు కర్మాగారంలోనే సూపర్‌చార్జర్లు బిగించి అమ్మారు. ఆ బళ్లకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి కనుక, వాటి సూపర్‌చార్జర్లను విప్పి బేరింగులు, సీళ్లు మార్చి తిరిగి పనికి తెచ్చే ఓవర్‌హాలింగు అక్కడ ఒక ప్రత్యేక వృత్తిగా నిలబడింది. ఆ వృత్తి వేళ్లు పికప్ ట్రక్కు కంటే, ఆ మాటకొస్తే పెట్రోలు ఇంజను కంటే కూడా లోతుగా, 19వ శతాబ్దపు ఉన్ని మిల్లుల దాకా దిగి ఉన్నాయి.

ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ పట్టణంలో ఉన్ని మిల్లు నడిపిన ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు తమ మిల్లును నడిపే నీటిచక్రాన్ని మెరుగుపరచాలని, ఒకే పెట్టెలో ఎదురెదురుగా తిరిగే రెండు కొయ్య రోటర్లతో ఒక యంత్రం తయారు చేశారని, నీటికి కొయ్య ఉబ్బి రోటర్లు బిగుసుకుపోయాయని, దాన్ని ఆరబెట్టి తిప్పి చూసినప్పుడు వెలువడిన గాలి ఉధృతిని గమనించిన ఒక లోహపు పోతపనివాడు కొలిమికి గాలి ఊదేందుకు ఇది సరిగ్గా పనికొస్తుందని సూచించాడని చెబుతారు. ఈ కథలోని వివరాలు ఎలా ఉన్నా 1860లో వారికి పేటెంటు దక్కింది. రూట్స్ బ్లోయరు అనే పేరు స్థిరపడింది. పోత కర్మాగారాల కొలుములకు, గనుల గాలి సరఫరాకు అది విరివిగా వాడుకలోకి వచ్చింది. 1870లో న్యూయార్కులో ఆల్ఫ్రెడ్ బీచ్ భూగర్భంలో గాలి ఒత్తిడితో ఒక పెట్టెను నడిపి చూపిన ప్రయోగంలోనూ రూట్స్ సోదరుల భారీ బ్లోయరే పని చేసింది. ఆ సూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. ఆంధ్ర కోస్తాలోని రొయ్య పిల్లల హేచరీల్లో తొట్టెల నీటికి గాలి అందించేందుకూ, సిమెంటు కర్మాగారాల్లో పొడిని గొట్టాల గుండా తరలించేందుకూ వాడే బ్లోయర్లలో చాలా వరకు ఈ జాతివే.

యంత్రం పని తీరును ఇక్కడే కొంత వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే దాని మరమ్మతు చరిత్ర మొత్తం ఈ పని తీరు నుంచే పుట్టింది. రెండు రోటర్లకూ ఉబ్బెత్తు రెక్కలు ఉంటాయి. ఒకదాని రెక్క రెండోదాని పల్లంలోకి వచ్చేలా అవి ఎదురెదురుగా తిరుగుతుంటే, రెక్కలకూ పెట్టె గోడకూ మధ్య చిక్కిన గాలి బయటి అంచు వెంట ఒక వైపు నుంచి మరో వైపుకు చేరుతుంది. ఏతం బావిలోని నీటిని ఎత్తి కాలువలో పోస్తుందే తప్ప నొక్కనట్లే, ఈ రోటర్లు కూడా గాలిని పెట్టె లోపల నొక్కవు. ఇంజను మింగగలిగిన దానికంటే ఎక్కువ గాలి అవతలి వైపు పోగుపడటం వల్లనే అక్కడ పీడనం పెరుగుతుంది, ఆ పెరుగుదలతో పాటే వేడి కూడా పుడుతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, రోటర్లు ఒకదాన్నొకటి గానీ, పెట్టె గోడను గానీ ఎక్కడా తాకవు. వాటి మధ్య కాగితం మందం వంటి ఖాళీని నిత్యం కాపాడేది షాఫ్టుల చివర బిగించిన జంట గేర్లు. వీటినే టైమింగ్ గేర్లు అంటారు. రాపిడి లేదు కనుక రోటర్లకు అరుగుదల లేదు. అరిగేవి ఆ ఖాళీని కాపాడే గేర్లు, బేరింగులు, నూనెను ఆపే సీళ్లు మాత్రమే. అవి అరిగిన రోజున రోటర్లు తాకుతాయి. తాకిన రోజున యంత్రమే పోతుంది. కొయ్య ఉబ్బి బిగుసుకున్న తొలి నమూనా కథకూ నేటి ట్రక్కు వర్క్‌షాపులో వినిపించే ఫిర్యాదుకూ మూల సమస్య ఒకటే: ఖాళీ తప్పడం.

ఇంజనులోకి గాలిని పంపుతో నెట్టాలన్న ఆలోచనకు గోట్లీబ్ డైమ్లర్ 1885లోనే జర్మనీలో పేటెంటు పొందాడు. అది ప్రజలకు అమ్మే కార్లలోకి రావడానికి మాత్రం 1921 బెర్లిన్ మోటారు ప్రదర్శన దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ మెర్సిడెస్ చూపిన కార్లలో డ్రైవరు యాక్సిలరేటరును అట్టడుగు దాకా తొక్కినప్పుడే బ్లోయరు జత కలిసేది. 1923లో మోంజాలో జరిగిన ఇటలీ గ్రాండ్ ప్రీలో సూపర్‌చార్జరు ఉన్న ఫియట్ 805ను నడిపిన కార్లో సలమానో గెలవడంతో పందేల రంగం అటు మొగ్గింది. ఇవన్నీ ధనికుల కార్లు, పందెపు కార్లు. ఒకటి రెండు పందేల తర్వాత ఇంజను విప్పడం వాటికి మామూలే కనుక మరమ్మతు ఒక వృత్తిగా ఎదగవలసిన అవసరం అక్కడ కలగలేదు. రోజూ పన్నెండు గంటలు తిరిగే బళ్లకు బ్లోయరు బిగించినప్పుడే ఆ అవసరం వచ్చింది.

ఆ మలుపు 1938లో జనరల్ మోటార్స్ తెచ్చిన 71 వరుస డీజిల్ ఇంజన్లతో వచ్చింది. ఒక్కో సిలిండరు పరిమాణం 71 ఘనపు అంగుళాలు, అంటే 1.16 లీటర్లు, ఆరు సిలిండర్లుంటే 6-71, నాలుగుంటే 4-71 అని పిలిచేవారు. ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు. పిస్టను ప్రత్యేకంగా గాలిని పీల్చుకునే దశ వీటిలో లేదు. పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరు గోడలో తెరుచుకునే రంధ్రాల గుండా తాజా గాలిని తోసి, కాలిన పొగను పై కవాటాల గుండా వెళ్లగొట్టడానికి పక్కన ఒక రూట్స్ బ్లోయరు తప్పనిసరిగా ఉండాలి. బ్లోయరు లేకపోతే ఇంజను బలహీనపడటం కాదు, అసలు నడవదు. బస్సుల్లో, లారీల్లో, పడవల్లో ఈ ఇంజన్లు చేరాక రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తీరాన సైనికులను దింపిన హిగ్గిన్స్ పడవల్లోనూ, రెండేసి 6-71 ఇంజన్లను జత చేసిన ఎం4ఏ2 షెర్మన్ ట్యాంకుల్లోనూ అవి వేల సంఖ్యలో పని చేశాయి.

బ్లోయరు ఓవర్‌హాలింగు ఒక పద్ధతిగా, పుస్తకంలో రాసి నేర్పదగిన విద్యగా రూపుదిద్దుకున్నది ఈ డీజిల్ వర్క్‌షాపుల్లోనే. మెకానిక్కు ఫీలర్ గేజి, అంటే పలు మందాల ఉక్కు రేకుల కట్ట, తీసుకొని రెక్కకూ రెక్కకూ మధ్య, రెక్కకూ గోడకూ మధ్య ఖాళీని రోటరు పొడవునా పలు చోట్ల కొలవాలి. కొలత తప్పితే దాన్ని సరిచేసే ఉపాయం ఆశ్చర్యం కలిగించేంత సొగసైనది. టైమింగ్ గేర్ల పళ్లు నిటారుగా కాక ఏటవాలుగా కోసి ఉంటాయి కనుక, ఒక గేరు వెనుక షిమ్ము అనే పలుచని రేకు బిళ్లను పెట్టి దాన్ని కొద్దిగా ముందుకు జరిపితే, ఆ జరుగుడుకు పళ్ల వాలు తోడై రోటరు తన అక్షం మీద అతి స్వల్పంగా తిరుగుతుంది. అంగుళంలో వెయ్యింట మూడు వంతుల మందం గల షిమ్ముకు ఖాళీలో వెయ్యింట ఒక వంతు మార్పు వస్తుందన్నది ఆ మెకానిక్కుల నోట నిలిచిన లెక్క. గేర్లను విప్పేటప్పుడు రెండింటినీ రెండు పుల్లర్లతో ఏకకాలంలో లాగాలన్న నియమం కూడా ఇందుకే. ఒక్కదాన్నే లాగితే ఏటవాలు పళ్లు రోటర్లను ఒకదాని మీదకు మరొకదాన్ని తిప్పి గీతలు పెడతాయి.

సీళ్ల విషయంలో ఆ ఇంజన్లు నేర్పిన పాఠం మరింత కఠినమైనది. బ్లోయరు చివరి సీలు అరిగితే గేర్ల పెట్టెలోని నూనె గాలితో కలిసి సిలిండర్లలోకి చేరుతుంది; డీజిల్ ఇంజనుకు ఆ నూనె కూడా ఇంధనమే కాబట్టి, డ్రైవరు యాక్సిలరేటరు వదిలినా ఇంజను తనంతట తానే వేగం పెంచుకొని ముక్కలయ్యే దాకా పరుగెత్తగలదు. దాన్ని ఆపేందుకు గాలి వచ్చే దారిని ఒక్కసారిగా మూసే అత్యవసర తలుపును అమర్చారు. అయితే ఇంజను వేగంగా తిరుగుతుండగా ఆ తలుపును వేస్తే లోపల ఏర్పడే శూన్యం సీళ్లను దాటించి నూనెను మరింతగా లాగుతుంది కనుక, దాన్ని రోజువారీగా ఇంజను ఆపడానికి వాడకూడదని మెకానిక్కులు డ్రైవర్లకు పదే పదే చెప్పవలసి వచ్చేది. ఒక భాగం చెడితే దాని ఫలితం ఎక్కడ తేలుతుందో వెతికి, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి మూలాన్ని పట్టుకునే ఆలోచనా పద్ధతి ఈ వృత్తికి ఇక్కడే అబ్బింది.

యుద్ధం ముగిశాక మిగులు సామగ్రి చౌకగా తుక్కు దుకాణాలకు చేరింది. దక్షిణ కాలిఫోర్నియాలో పాత ఫోర్డు కార్లకు బలం పెంచి ఎండిన సరస్సుల మీద పరుగులు తీయించే యువకులకు ఆ దుకాణాలే గనులయ్యాయి. వారిలో బార్నీ నవారో అనే ఇంజను నిపుణుడు మూడు సిలిండర్ల డీజిలుకు చెందిన 3-71 బ్లోయరును ఫోర్డు వి8 పెట్రోలు ఇంజను నెత్తిన బిగించి దారి చూపాడు. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ కింద డ్రాగ్ రేసింగు, అంటే పావు మైలు దూరానికి తిన్నని దారిలో సాగే పందెం, విస్తరించిన కొద్దీ 6-71 బ్లోయరు దానికి గుర్తుగా మారింది. డీజిలు వేగానికి రూపొందిన పెట్టెను పెట్రోలు ఇంజను అంతకు ఎంతో ఎక్కువ వేగంతో తిప్పడంతో షాఫ్టులు వంగాయి, రోటర్లు వేడికి వ్యాకోచించి గోడలను గీకాయి; అందుకు విరుగుడుగా పెద్ద బేరింగులు పెట్టారు, ఖాళీలు పెంచారు, పెరిగిన ఖాళీ గుండా గాలి వెనక్కి జారకుండా రెక్కల అంచుల్లో గాడి కోసి టెఫ్లాన్ పట్టీలు దూర్చారు. రాపిడికి ముందుగా అరిగేది చౌకైన పట్టీయే కావాలి, అల్యూమినియం రోటరు కాకూడదు అన్న ఆ నిర్ణయాన్ని ఈ వృత్తి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటిగా లెక్కించాలి.

కార్ల కంపెనీలు మళ్లీ సూపర్‌చార్జరు వైపు చూసింది 1980లలోనే. మధ్యకాలంలో రాబర్ట్ మెకల్లాక్ రూపొందించిన, ఫ్యాను వంటి చక్రంతో గాలిని విసిరే సెంట్రిఫ్యూగల్ రకం 1950లలో కైజర్, స్టూడ్‌బేకర్, ఫోర్డు కార్లలో కొద్దికాలం కనిపించి కనుమరుగైంది. ఈటన్ కంపెనీ రూట్స్ సూత్రానికి మెరుగులు దిద్ది, మూడు రెక్కల రోటర్లను మెలితిప్పిన ఆకారంలో చేసి, గాలి దడదడను, రొదను తగ్గించి, 1989 మోడలు ఫోర్డు థండర్‌బర్డ్ సూపర్ కూపేకు ఎం90 అనే నమూనాను అందించింది. పేరులోని సంఖ్య ఒక్క చుట్టుకు అది తోసే గాలి ఘనపరిమాణం: 90 ఘనపు అంగుళాలు. దీని వెనుకే ఎం62, ఎం112 వచ్చాయి. పికప్ ట్రక్కుల కథ ఈ రెండింటితో ముడిపడి ఉంది.

1999లో ఫోర్డు తెచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ ట్రక్కులో 5.4 లీటర్ల వి8 ఇంజను నెత్తిన ఎం112 కూర్చుంది. మొదట 360, 2001 నుంచి 380 హార్సుపవరు ఇచ్చింది. 2001లో నిస్సాన్ తన ఫ్రాంటియర్ ట్రక్కులోని 3.3 లీటర్ల వి6కు ఎం62 జోడించి 170 హార్సుపవరును 210కి పెంచింది. టయోటా టకోమా ట్రక్కుకు అదే ఎం62ను ఆధారం చేసుకొని కాలిఫోర్నియాలోని మాగ్నసన్ సంస్థ తయారు చేసిన సామగ్రి టయోటా పందెపు విభాగం పేరిట షోరూముల్లోనే అమ్ముడైంది. లైట్నింగ్, సూపర్‌చార్జర్ ఫ్రాంటియర్ రెండూ 2004తో ముగిశాయి.

ఈ కొత్త తరం యంత్రం డీజిల్ బ్లోయరు కంటే చిన్నది, సున్నితమైనది. నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరుగుతుంది. ముందు భాగంలో పుల్లీ షాఫ్టును మోసే ముక్కు వంటి పెట్టె, దానికే చెందిన కొద్దిపాటి సింథటిక్ నూనె, ఆ నూనెలో మునిగే టైమింగ్ గేర్లు, ముందు బేరింగులు ఉంటాయి. వెనుక ఉన్న సూది బేరింగులకు మాత్రం నూనె అందదు. తయారీ నాడు నింపిన గ్రీజే వాటికి ఆధారం. పుల్లీ షాఫ్టుకూ గేరుకూ మధ్య కప్లరు ఉంటుంది: ఇరు పక్కల నుంచి పొడుచుకొచ్చిన ఉక్కు పిన్నులను తన రంధ్రాల్లో పట్టుకునే ప్లాస్టిక్ బిళ్ల. ఇంజను తిరుగుడులోని కుదుపులను అది మింగుతుంది. తక్కువ బలం చాలినప్పుడు గాలిని మళ్లీ వెనక్కే తిప్పి పంపే బైపాస్ కవాటం కూడా ఉంటుంది. ఇంజను శూన్యంతో కదిలే రబ్బరు పొర దాన్ని తెరిచి మూస్తుంది కనుక, మామూలు ప్రయాణంలో సూపర్‌చార్జరు ఇంజను మీద వేసే భారం చాలా స్వల్పం.

వయసు మీరిన ఈ యంత్రంలో లోపాన్ని పట్టే పద్ధతి చెవితో మొదలవుతుంది. ఇంజను వేడెక్కి ఐడిలింగులో ఉన్నప్పుడు గలగలమని చప్పుడు వచ్చి, కాస్త వేగం పెంచగానే మాయమైతే కప్లరు రంధ్రాలు సాగిపోయాయని అర్థం. ఇది భయపెట్టే చప్పుడే గానీ చవకలో తేలే పని. వేగంతో పాటు హెచ్చే సన్నని గురగుర లేదా కీచు బేరింగులది, దాన్ని ఉపేక్షించకూడదు. బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పి చూస్తే చప్పుడు సూపర్‌చార్జరుదా, పక్కనే ఉన్న ఆల్టర్నేటరుదా, బెల్టు బిగువును కాపాడే టెన్షనరుదా అన్నది తేలిపోతుంది; పుల్లీని పైకీ కిందికీ కదిపితే షాఫ్టులో ప్లే, అంటే వదులు, ఉందో లేదో వేళ్లకే తెలుస్తుంది. ముక్కు పెట్టెలోంచి తీసిన నూనె నల్లబడటం వయసు లక్షణం. అందులో వెండి రంగు మెరుపు కనిపిస్తే మాత్రం లోహం అరుగుతోందన్న మాట. రోటర్ల ముందు అంచున తడి నూనె పేరుకుంటే సీలు పోయింది. వెనుక సూది బేరింగులు ఎండిపోయినప్పుడు రోటర్లు వెనుక వైపున వాలి, పెట్టె గోడ మీద మెరిసే గీతల పట్టీని వదులుతాయి. ఆ పట్టీ వేలిగోటికి తగిలేంత లోతుగా ఉంటే పెట్టెను కాపాడటం కష్టం.

చప్పుడే లేకుండా బలం తగ్గిన సందర్భాలు ఇంకా చిక్కైనవి. బూస్టు, అంటే వాతావరణ పీడనానికి మించి కలిగే అదనపు పీడనం, గేజిలో తక్కువగా కనిపిస్తే రోటర్లను అనుమానించే ముందు జారుతున్న బెల్టును, నీరసించిన టెన్షనరు స్ప్రింగును, చిరిగిన బైపాస్ పొరను, బీటలు వారిన శూన్యపు గొట్టాలను చూడాలి; పాత బళ్లలో ఇవే ఎక్కువగా దోషులు. బూస్టు సరిగ్గానే ఉండి కూడా బండి మొద్దుబారితే గాలి వేడెక్కుతోందని తలచాలి. లైట్నింగ్‌లో రోటర్ల నుంచి వచ్చిన వేడి గాలిని నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలరు ఉంది; దాని చిన్న పంపు ఆగిపోతే కంప్యూటరు ఇంజనును కాపాడేందుకు స్పార్కును ఆలస్యం చేస్తుంది, బలం తగ్గుతుంది, సూపర్‌చార్జరు అకారణంగా నింద మోస్తుంది.

విప్పి కట్టే పనిలో అసలు పరీక్ష టైమింగ్ గేర్లదే. వీటిని షాఫ్టుల మీద ప్రెస్సుతో గట్టిగా ఎక్కించారు. పాత డీజిల్ బ్లోయరులో ఉన్న షిమ్ముల సౌకర్యం ఇక్కడ లేదు. గేరు లాగిన చోటనే, లాగిన కోణంలోనే మళ్లీ ఎక్కకపోతే రెక్కలు తాకుతాయి. అందుకే నిపుణులు విప్పే ముందే గేరుకూ షాఫ్టుకూ గుర్తులు పెట్టుకొని, రోటర్లను సరైన స్థితిలో కదలకుండా పట్టే జిగ్గును వాడి గేర్లను ఎక్కించి, ఆ పైన ఒక పూర్తి చుట్టు తిప్పుతూ ఫీలర్ గేజితో అన్ని చోట్లా ఖాళీ చూస్తారు. రోటర్ల మీది పూత లేచిపోయి ఉంటే దాన్ని పూర్తిగా తొలగించి కొత్తది వేయాలి. సగం ఊడిన పూత పెచ్చులు ఇంజను లోపలికే పోతాయి.

కంపెనీల సర్వీసు విధానంలో సూపర్‌చార్జరును లోపల విప్పదగినదిగా కాక, మొత్తంగా తీసి మొత్తంగా మార్చవలసిన భాగంగానే చూశారు. కొత్త బళ్లు వచ్చినంత కాలం అది చెల్లింది. కొత్త యూనిట్లు దొరకడం తగ్గాక డ్రాగ్ రేసింగు బ్లోయర్ల మీద చేయి తిరిగినవారూ, డీజిల్ పని నేర్చినవారూ ఈ చిన్న పెట్టెలను చేపట్టారు. యజమానులు ట్రక్కు నుంచి సూపర్‌చార్జరు ఒక్కదాన్నే విప్పి కొరియరులో పంపి బాగుచేయించుకునే అలవాటు స్థిరపడింది. ఇంతలో పరిశ్రమ ముందుకు సాగింది: 2011 నుంచి ఎఫ్-150లో జంట టర్బోలు వచ్చాయి, 2021 రామ్ టీఆర్‌ఎక్స్‌లో 702 హార్సుపవరుతో, 2023 ఫోర్డు రాప్టర్ ఆర్‌లో 700 హార్సుపవరుతో సూపర్‌చార్జరు తిరిగి పికప్ ట్రక్కు మీదకు చేరింది. మరో ఇరవై ఏళ్లకు ఇవి కూడా ఇదే బల్ల మీదకు రాక తప్పదు.

1938 నాటి డీజిల్ వరుసకు ప్రతి ఖాళీ కొలతనూ, షిమ్ము లెక్కనూ వర్క్‌షాపు పుస్తకంలో ముద్రించి మెకానిక్కు చేతికి ఇచ్చారు. ఆ బ్లోయర్లు నేటికీ విప్పి కట్టగలిగేవిగా మిగలడానికి ఆ ముద్రణ ఒక ప్రధాన కారణం. రోటర్లు అరగని యంత్రాన్ని కొన్ని బేరింగుల కోసం తుక్కు చేయడం ఏ లెక్కన చూసినా నష్టమే. నేటి తయారీదారులు కూడా లోపలి కొలతలను, విడి బేరింగులను, సీళ్లను వృత్తివారికి బహిరంగంగా అందుబాటులో ఉంచాలి.